పందికొక్కు గారి పంచాంగ శ్రవణం

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లేవాళ్లు ఎండాకాలం చూసుకుని వెళ్తారు. మేం 2025 జనవరిలో వెళ్లాం. పిట్స్‌బర్గ్‌లో ఉన్న మా అమ్మాయికి డాక్టరు కాన్పుకి మార్చి 14 అని తేదీ ఇచ్చింది, ఇంక మాకు వేరే దారి లేదు. మొదటి వారం కిటికీ దగ్గర కూర్చుని మంచు చూశాను. రెండో వారం నుంచి టీవీ చూశాను. టీవీకే ఎక్కువ వణుకు పుట్టింది.

జనవరి 20న రెండోసారి గద్దెనెక్కిన ట్రంప్ పెట్టిన సంతకాల్లో ఒకటి తిన్నగా మా ఇంట్లోకి వచ్చి కూర్చుంది. తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రికి పౌరసత్వమో గ్రీన్‌కార్డో లేకపోతే, 30 రోజుల తర్వాత పుట్టే బిడ్డకు ఇక్కడి పౌరసత్వం రాదట. మా వాళ్లిద్దరివీ హెచ్‌1బీ వీసాలు. మూడు రోజులకు సియాటిల్‌లో ఒక జడ్జి, ఇది రాజ్యాంగానికి పచ్చి విరుద్ధం అని 14 రోజుల పాటు ఆపాడు. పదిహేనో రోజు సంగతి ఏమిటని అడిగితే మా అల్లుడు ఫోన్ చూస్తాడు. ఫోన్‌లో ఉండదు. మళ్లీ చూస్తాడు.

ఆ 30 రోజుల గడువు లోపే సిజేరియన్ చేస్తారా అని మనవాళ్లు కొందరు ఆస్పత్రులకు ఫోన్లు చేస్తున్నారని వార్తలు వచ్చాయి. అది విని మా ఆవిడ అల్లిక సూదులు ఒళ్లో పెట్టుకుని, "మనూళ్లో పంతులుగారు పెట్టిన ముహూర్తానికి కోయించుకునేవాళ్లని చూశాం. ఇక్కడ ముహూర్తం వాషింగ్టన్ నుంచి వస్తుందన్నమాట" అంది. మా అమ్మాయి నవ్వింది గానీ, ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు.

అప్పుడు మా అల్లుడన్నాడు: "మామయ్యగారూ, ఈ ఆదివారం మీకొకటి చూపిస్తాను. తెల్లవారుజామున 2 గంటలకు బయల్దేరాలి."

"ఏముంది అక్కడ?"

"ఒక ఎలుక వాతావరణం చెప్తుంది."

నేను 33 ఏళ్లు వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. వాతావరణం చెప్పేవాళ్లని నేను చూసినంత మందిని ఎవరూ చూసి ఉండరు. కార్తెలు లెక్కేసి చెప్పేవాళ్లు, చీమలు గుడ్లు మోసుకుపోతున్నాయని చెప్పేవాళ్లు, తూనీగలు కిందుగా తిరుగుతున్నాయని చెప్పేవాళ్లు, చివరికి ఆకాశవాణి. ఎలుక మాత్రం కొత్త.

ఊరి పేరు పంక్సటానీ. పిట్స్‌బర్గ్‌కు 80 మైళ్లు. జనాభా 6 వేల లోపే. లెనాపే అనే అక్కడి ఆదివాసుల భాషలో ఆ పేరుకు ఇసుక దోమల ఊరు అని అర్థమట. మన లెక్కలో దోమలపాలెం. 22వ నంబరు రోడ్డు మీద కొంత దూరం తూర్పుకు వెళ్లి, 119 పట్టుకుని ఉత్తరానికి తిరిగాం. దారిలో చీకట్లో ఒక ఊరి బోర్డు మీద 'ఇండియా' అని చదివి ఉలిక్కిపడ్డాను. ఇంకో రెండక్షరాలు మంచులో ఉన్నాయి. ఇండియానా.

రేడియోలో సుంకాల గోల. ముందు రోజే కెనడా, మెక్సికో సరుకుల మీద 25 శాతం, చైనా మీద 10 శాతం వేస్తూ సంతకాలయ్యాయి. టమాటాల ధర పెరుగుతుందా, అవకాడోల ధర పెరుగుతుందా అని ఎవరో ఇద్దరు పోట్లాడుకుంటున్నారు. కోడిగుడ్లు ఇప్పటికే డజను 5 డాలర్ల దాకా ఉన్నాయని మూడో ఆయన. మా అల్లుడు రేడియో కట్టేశాడు.

అసలు ఈ దేశపు రాజకీయం అర్థం కావాలంటే జంతువుల వైపు నుంచి రావాలేమోనని నాకు అప్పటికే అనుమానం. ఒక పార్టీ గుర్తు ఏనుగు, రెండో దానిది గాడిద. అది సరే. మొన్నటి ఎన్నికల ముందు ఒహాయోలో వలసవచ్చిన వాళ్లు పెంపుడు కుక్కల్ని, పిల్లుల్ని తింటున్నారని డిబేట్‌లోనే ట్రంప్ అన్నాడు. ఆ ఊరి అధికారులు అలాంటిదేమీ లేదన్నా ఆ మాట ఆగలేదు. పోలింగ్‌కు వారం ముందు న్యూయార్క్ రాష్ట్రంలో పీనట్ అనే పెంపుడు ఉడుతను అధికారులు పట్టుకుపోయి, రేబిస్ పరీక్ష కోసం చంపేస్తే, అది ఎన్నికల అంశమైపోయింది. నవంబరు 25న బైడెన్ ఆనవాయితీ ప్రకారం రెండు టర్కీ కోళ్లకు క్షమాభిక్ష పెట్టాడు. వాటి పేర్లు పీచ్, బ్లాసమ్. వారం తిరక్కుండా సొంత కొడుక్కి పెట్టాడు. దిగిపోయే రోజున తోబుట్టువులకూ పెట్టాడు. ఆ సాయంత్రమే కొత్తాయన, 2021లో ఇక్కడి పార్లమెంటు భవనం క్యాపిటల్ మీద జరిగిన దాడి కేసుల్లో ఉన్న 1,500 మందికి పెట్టాడు. మొత్తానికి అందరూ కోళ్ల వెనకాలే బయటపడ్డారు.

ఊళ్లో కారు ఆపి, స్కూలు బస్సులాంటి పచ్చబస్సు ఎక్కాం. అక్కడికి రెండు మైళ్లలో గాబ్లర్స్ నాబ్ అనే మిట్ట. రోడ్డు పొడవునా మనిషెత్తు ఎలుక బొమ్మలు, ఒక్కోదానికి ఒక్కో వేషం. గేట్లు 3 గంటలకే తీస్తారు. మేం చేరేసరికి వేలమంది ఉన్నారు. స్టేజీ మీద పాటలు, డాన్సులు. తలమీద ఎలుక టోపీలు. వచ్చే ఆదివారం సూపర్ బౌల్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ కాబట్టి, అందులో ఆడే ఫిలడెల్ఫియా ఈగల్స్ జట్టు వాళ్ల ఆకుపచ్చ జెర్సీలు. ఈ పక్క పిట్స్‌బర్గ్ వాళ్లు ఆ జెర్సీల్ని చూసే చూపు, మనూళ్లో ఒక హీరో ఫ్యాన్స్ ఇంకో హీరో బ్యానర్ని చూసే చూపే.

నేను రెండు ప్యాంట్లు, మూడు స్వెటర్లు, పైన అల్లుడి కోటు వేసుకుని కదలకుండా నిలబడ్డాను. అయినా కాళ్లు మొద్దుబారాయి. మా అల్లుడు జేబులోంచి చిన్న పొట్లాలు తీసి ఇచ్చాడు. చింపి ఊపితే వేడెక్కుతాయి. ఒకటి గ్లవ్‌లో, ఒకటి బూటులో. చేతిలో అవి పట్టుకుని, స్టేజీ మీద చెట్టు మోడు వైపు చూస్తూ మూడు గంటలు. తిరపతి కంపార్ట్‌మెంట్లలో కూడా ఇంతకంటే సుఖంగా ఉంటుంది, కనీసం ఉప్మా పెడతారు.

పక్కన ఒక పెద్దాయన. ఒహాయోలో మొక్కజొన్న, సోయా వేస్తాడట. ఇద్దరికీ వృత్తి కలిసింది కాబట్టి మాట కలిసింది. ఇక్కడ స్థిరపడిన జర్మన్ల ఆచారం ఇది అని చెప్పాడు. ఫిబ్రవరి 2 వాళ్లకు కొవ్వొత్తుల పండగ. ఆ రోజు ఎండ కాస్తే చలికాలం ఇంకా ఉన్నట్టు, మబ్బుగా ఉంటే అయిపోయినట్టు. అక్కడ దానికొక జంతువు ఉండేది, ఇక్కడ దొరికింది గ్రౌండ్‌హాగ్ అనే ఈ పెద్ద ఎలుక. నీడ కనబడితే బెదిరి బొరియలోకి పోతుంది, ఇంకో ఆరు వారాలు చలి. 1887 నుంచి ఇదే మిట్ట మీద జరుగుతోంది. మొదట్లో ఈ వేడుక జరిపే క్లబ్బువాళ్లు గ్రౌండ్‌హాగ్‌ని వేటాడి వండుకు తినేవాళ్లని కూడా ఆయనే చెప్పాడు. తర్వాత జోస్యుడయ్యింది కాబట్టి బతికిపోయింది.

ఈ ఎలుక పేరు ఫిల్. 1887 నుంచి ఉన్నది ఒక్కడే ఫిల్ అని క్లబ్బు నమ్మకం. అంటే నమ్మినట్టు నటించడం. ఏటా వేసవిలో ఒక అమృతం గుక్కెడు తాగిస్తే ఇంకో ఏడేళ్లు ఆయుష్షు. భార్య ఫిలిస్‌కి ఆ అమృతం పనిచేయదట. 2024లో ఇద్దరు పిల్లలు పుట్టారు: సన్నీ, షాడో. పేర్లు చూడండి, ఎండ, నీడ. వీళ్ల తరఫున మాట్లాడేది ఇన్నర్ సర్కిల్ అనే 15 మంది. పొడుగు టోపీలు, నల్ల కోట్లు, బో టైలు. వాళ్ల ప్రెసిడెంటు చేతిలో ఒక కర్ర ఉంటుంది. ఆ కర్ర పట్టుకుంటే ఎలుక భాష అర్థమవుతుంది.

"మరి జోస్యం తప్పితే?" అని అడిగాను.

"ఫిల్ ఎప్పుడూ తప్పు చెప్పడు. ప్రెసిడెంటు తర్జుమా తప్పు చేస్తాడు" అన్నాడు పెద్దాయన, మొహంలో ఒక్క గీత కదలకుండా.

అది వట్టి జోకు కాదు, దస్తావేజుల్లో ఉంది. 2013లో ఫిల్ వసంతం తొందరగా వస్తుందన్నాడు. రాలేదు. ఒహాయోలో ఒక కౌంటీ ప్రాసిక్యూటర్ ఫిల్ మీద కేసు పెట్టి, మరణశిక్ష వేయాలన్నాడు. అప్పటి ప్రెసిడెంటు ముందుకొచ్చి తప్పు నా తర్జుమాది అని ఒప్పుకున్నాక కేసు వదిలేశాడు. ఇలా తప్పు తన నెత్తిన వేసుకునే ప్రెసిడెంటు ఈ దేశంలో ఒక్క పంక్సటానీలోనే ఉన్నాడు.

అమెరికా ప్రభుత్వ వాతావరణ సంస్థ నోవా 2025లో వేసిన లెక్కలో ఫిల్ చెప్పింది నిజమైంది 35 శాతం. బొమ్మా బొరుసూ వేసినా 50 వస్తుంది. నోవా లెక్కేసిన ఇలాంటి 19 జంతువుల్లో ఫిల్‌ది 17వ స్థానం. మొదటి స్థానం న్యూయార్క్‌లోని స్టేటెన్ ఐలాండ్ చక్‌ది, 85 శాతం. ఆ చక్ 2009లో మేయర్ బ్లూమ్‌బర్గ్ వేలు కొరికింది. 2014లో తర్వాతి మేయర్ డి బ్లాసియో ఆ ఊరి జంతువుని చేతుల్లోంచి జారవిడిచాడు, వారానికి అది చచ్చిపోయింది. రాజకీయ నాయకులకు దూరంగా ఉండటం ఫిల్ చేసిన మంచిపని అనుకున్నాను. కాదట. 1986లో వైట్‌హౌస్‌కు వెళ్లి రీగన్‌ని కలిశాడు. పెన్సిల్వేనియా గవర్నర్ షపీరో 2024లో ఫిల్‌ని రాష్ట్ర అధికారిక వాతావరణ నిపుణుడిగా ప్రకటించాడు.

తెల్లారకుండానే బాణాసంచా కాల్చారు. 7 దాటాక టోపీల వాళ్లు వరసగా వచ్చారు. జనం "ఫిల్! ఫిల్!" అని కేకలు. ప్రెసిడెంటు కర్రతో మోడు తలుపు కొట్టాడు. మందపాటి తోలు గ్లవ్స్ వేసుకున్న ఒకాయన లోపల చెయ్యి పెట్టి ఫిల్‌ని బయటికి లాగి, రెండు చేతులతో పైకెత్తి జనానికి చూపించాడు.

నేను పెద్ద తెరమీద దగ్గరగా చూశాను. పందికొక్కు. అచ్చం మన ధాన్యం కొట్లో పందికొక్కు, కాకపోతే మూడింతలు, బాగా మేపినది. ముందు పళ్లు రెండూ బయటికి. కాళ్లు గాల్లో వేలాడుతున్నాయి. ఇన్ని వేల మందీ తన కోసం వచ్చారన్న గర్వం లేదు, భయమూ లేదు. నిద్రలో లేపి రేషన్‌కార్డు అడిగిన మనిషి మొహం. ఉద్యోగంలో ఉన్నప్పుడు నేను జింక్ ఫాస్ఫైడ్ ఎర పెట్టించి ఇలాంటి వాటిని ఎన్ని చంపించానో లెక్కలేదు. పక్కన ఉన్న పెద్దాయనకు మాత్రం ఆ సంగతి చెప్పలేదు.

మోడు మీద రెండు కాగితం చుట్టలు పెట్టారు. ఫిల్‌ని దగ్గర పెట్టుకుని, ప్రెసిడెంటు చెవి వంచి విన్నాడు, తలాడించాడు, ఒక చుట్ట వైపు కర్ర చూపించాడు. ఇంకొకాయన విప్పి చదివాడు, మన పంతుళ్లలా రాగం తీస్తూ. నీడ కనిపించింది. ఇంకో ఆరు వారాలు చలి.

జనం "అయ్యో" అన్నారు. వెంటనే చప్పట్లు కొట్టారు.

స్టేజీ చుట్టూ అన్ని టీవీ లైట్లు వేస్తే నీడ ఎవరికి పడదు? అయినా అడక్కూడదు. ఉగాదికి మన పార్టీ ఆఫీసుల్లో పంచాంగ శ్రవణం జరిగినప్పుడు ఎవరైనా అడుగుతారా? ఏ ఆఫీసులో చదివే పంతులుగారు ఆ పార్టీ నాయకుడికే రాజయోగం చెప్తాడు, పక్కవీధి ఆఫీసులో ఇంకో పంతులుగారు అదే పంచాంగంలోంచి ఇంకో రాజయోగం తీస్తాడు. వాళ్లు శాలువాలు కప్పుతారు. వీళ్లు టోపీలు పెట్టుకున్నారు. ఒక్కటే తేడా. ఇక్కడ అందరికీ ఇది ఆట అని తెలుసు, ఒక్కరూ నవ్వకుండా ఆడుతున్నారు. ఇంటికెళ్లి టీవీ పెడితే, ఆట అనుకున్నవన్నీ నిజంగా జరిగిపోతున్నాయి.

బస్సులో తిరిగొస్తూ వేళ్లు మడిచి లెక్కేశాను. ఫిబ్రవరి 2 నుంచి ఆరు వారాలంటే మార్చి 16. వాళ్ల క్యాలెండరులో వసంతం ఎలాగూ మార్చి 20కి గానీ మొదలవదు. ఫిల్ చెప్పినా చెప్పకపోయినా అంతే. అల్లుడితో అంటే, "మార్చి 14 దాటి రెండు రోజులు" అన్నాడు. అతను వేరే లెక్కలో ఉన్నాడు.

తర్వాత జరిగిన రెండు సంగతులు ఇక్కడే చెప్పేస్తాను. కెనడా, మెక్సికో సుంకాలు మర్నాడే నెలరోజులు వాయిదా పడ్డాయి. ఫిల్ మాత్రం చెప్పినదాని మీదే ఉన్నాడు. ఆ నెలాఖరులో నోవాలో వందలమంది ఉద్యోగుల్ని తీసేశారు. 35 శాతం వాడి ఉద్యోగం చెక్కుచెదరలేదు.

ఊళ్లో దుకాణంలో మెత్తటి ఫిల్ బొమ్మ ఒకటి కొన్నాను, పుట్టబోయే వాళ్ల కోసం. ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం. మా ఆవిడ దాన్ని చెవి పట్టుకుని ఎత్తి చూసి, "పందికొక్కుని ఉయ్యాల్లో పెడతారా ఎవరైనా?" అని టీవీ పక్కన కూర్చోబెట్టింది. రాత్రి అదే టీవీలో గ్రామీ అవార్డులు. గాయని బియాన్సేకి కంట్రీ ఆల్బమ్ అవార్డు ప్రకటించారు. బియాన్సే నోరు తెరుచుకుని అలా ఉండిపోయింది, తనే నమ్మలేనట్టు. పక్కనే ఫిల్ కూడా రెండు పళ్లతో అలాగే ఉన్నాడు. మా అమ్మాయి నవ్వలేక పొట్ట పట్టుకుంది. అల్లుడు ఫోన్ తీశాడు, ఆదివారం కోర్టులు ఉండవని గుర్తొచ్చి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"ఇంతకీ ఏం చెప్పింది మీ ఎలుక?" అంది మా ఆవిడ.

"ఇంకో ఆరు వారాలు చలి."

ఆవిడ అల్లుతున్న చిన్న స్వెటర్‌ని వెలుగులో ఒకసారి పరిచి చూసుకుంది. చేతులు సగం అయ్యాయి. సంచిలోంచి పసుపు రంగు ఊలు ఉండ కొత్తది తీసి, కొస వెతుక్కోవడం మొదలుపెట్టింది.