ఏటీఎంలో ఒక పూట

మధ్య అమెరికాలోని చిన్న దేశం బెలీజ్ అనగానే అందరూ బీచ్‌లే చెప్తారు. మేం మాత్రం శాన్ ఇగ్నాసియో వైపు వెళ్లి ఆక్టున్ టునిచిల్ ముక్నాల్ గుహలో దూరాం. అక్కడ అందరూ ఏటీఎం అనే అంటారు. డబ్బులు రావు లెండి!

గుహ ముఖద్వారం దగ్గరే ఈత కొట్టాలి. హెల్మెట్ లైటు వెలుగులో, ఛాతీలోతు చల్లటి నీళ్లలో, రాళ్ల సందుల్లోంచి మెడ పక్కకి తిప్పి దూరడమే. కాస్త టెన్షన్ పడ్డాను, అబద్ధమెందుకు. పైన పొడి గదిలోకి ఎక్కాక బూట్లు విప్పించి సాక్సులతో నడిపించారు. అక్కడి ప్రాచీన ప్రజలైన మాయన్ల కుండలు కాళ్ల పక్కనే ఉన్నాయి, సున్నం పేరుకుని నేలకి అతుక్కుపోయి. కొన్నింటికి కావాలనే బెజ్జం పొడిచారు. వెయ్యేళ్ల కిందట, కరువు రోజుల్లో, వానదేవుడు చాక్ కోసం ఇంత చీకట్లోకి వచ్చి పూజలు చేశారట.

చివర్లో ఒక అస్థిపంజరం, ఒళ్లంతా కాల్సైట్ అనే సున్నపు ఖనిజం మెరుపు. 'క్రిస్టల్ మెయిడెన్' (స్ఫటిక కన్య) అని పేరు పెట్టారు గానీ, అది టీనేజీ కుర్రాడిది కావచ్చని కూడా అంటున్నారు.

ఫోటోలు అడక్కండి. ఒక టూరిస్టు కెమెరా జారి పుర్రె మీద పడ్డాక, 2012 నుంచి కెమెరాలు నిషేధం. నాకైతే ఆ రూల్ భలే నచ్చింది. వెళ్లేవాళ్లు సాక్సులు మర్చిపోకండి, గైడ్ లేకుండా లోపలికి పంపరు.