అప్పడాల కర్ర, తీగ చుట్ట, హిరొనాకా

సంక్రాంతికి మా అక్క కూతురు నెల్లూరు హాస్టల్ నుంచి కావలి వచ్చింది. ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. దిగిన రోజు సాయంత్రమే కొట్టుకొచ్చి గల్లాపెట్టె పక్కన స్టూలేసుకుని కూర్చుంది. పండగ బేరాలు, నాకేమో ఊపిరాడటం లేదు, ఒకామెకి చీర మీదకి జాకెట్ ముక్క చూపిస్తుంటే మధ్యలో దూరి అడిగింది.

"మామా, రెండు గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటాయి గదా, ఆ కోసుకున్న చోట టాంజెంట్, అదే గీతని తాకుతూ పోయే తిన్నటి గీత, ఎటు పోద్ది?"

"మీ సార్‌ని అడగలేదా?"

"అడిగా. అది ఎగ్జామ్‌లో రాదు, కూర్చో అన్నాడు."

ఏ కాలేజీ అనేది అనవసరం, ఇరవై ఏళ్ల కింద నేను చదివినప్పుడూ ఈ మాటే విన్నా. అప్పుడు నేను నిజంగానే కూర్చున్నా. ఎమ్మెస్సీ మ్యాథ్స్ అయ్యాక మా నాయనకి మోకాళ్ల నొప్పులొచ్చి కొట్టు నా చేతికొచ్చింది, ఇప్పటికీ ఇక్కడే కూర్చుని ఉన్నా. కానీ ఆ పిల్ల అడిగిన ప్రశ్న చిన్నది కాదు. దానికి పూర్తి జవాబు రావడానికి 1964 దాకా పట్టింది. ఇచ్చినాయన జపాన్ వాడు, పేరు హెయిసుకే హిరొనాకా. ఎమ్మెస్సీలో ఒక పుస్తకం వెనక పేజీల్లో ఈ పేరు చూసి ఎవరబ్బా అని వెతికితే, వాళ్ల నాన్నది కూడా బట్టల వ్యాపారమే అని తెలిసింది. నిజం చెప్పాలంటే ఆయన మీద నాకు అభిమానం పుట్టింది అక్కడే, లెక్క తర్వాత అర్థమైంది.

ఆ రాత్రి కొట్టు కట్టేసి ఇంటికొచ్చాక, మా ఆవిడ అప్పడాల కర్ర తీసుకుని దాని చుట్టూ బైండింగ్ వైరు ఏడెనిమిది చుట్లు చుట్టి కర్ర లాగేశా. కాస్త సాగదీస్తే స్ప్రింగ్ లాగా తయారైంది. లైట్లన్నీ ఆర్పేసి ఫోన్ టార్చి వేసి గోడ మీద దాని నీడ చూపించా. తీగ చుట్టని గోడకి సమంగా పట్టుకుంటే నీడ అలల్లా, నున్నగా పడింది. మెల్లిగా ఒక కొనని టార్చి వైపు తిప్పుతూ వచ్చా. అలలు ఒక్కో వైపు ఇరుకవుతూ ఇరుకవుతూ ఒక దగ్గరికొచ్చేసరికి తుమ్మముల్లులా మొనదేలాయి. ఇంకొంచెం తిప్పితే ఆ ముల్లు విచ్చుకుని మెలిక అయింది, అంటే నీడ తనని తనే కోసుకుంటోంది. వెనక్కి తిప్పితే మళ్లీ ముల్లు, మళ్లీ అల. పిల్ల నా చేతిలోంచి లాక్కుని పది నిమిషాలు అదే పని. తర్వాత కళ్లు మూసుకుని తీగ వెంట వేలు పోనిచ్చి చూసింది.

"మామా, తీగలో ఎక్కడా మొన లేదు. కోసుకోవడమూ లేదు. అదంతా నీడలోనే."

హిరొనాకా సిద్ధాంతం సారం అదే. ఆయన కూడా మామూలు జనానికి చెప్పేటప్పుడు రోలర్ కోస్టర్ ఉదాహరణ చెప్తాడు: నేల మీద పట్టాల నీడ కోసుకుంటుంది, పైన పెట్టెలు మాత్రం గుద్దుకోవు. నాకు రోలర్ కోస్టర్ ఎక్కే యోగం ఎటూ లేదు గనక అప్పడాల కర్రతో సరిపెట్టా.

లెక్కల్లో ఇట్టాంటి ముల్లునీ, కోసుకునే చోటునీ సింగులారిటీ అంటారు. ఈక్వేషన్లతో గీసే ఆకారాల్లో ఎక్కడ చూసినా ఇవి తగుల్తాయి, అక్కడ టాంజెంట్ మామూలుగా ఉండదు, ఒక్కోసారి రెండు మూడు ఉంటాయి, చేతిలో ఉన్న సూత్రాలన్నీ ఆ చోట మొరాయిస్తాయి. ఎన్ని సింగులారిటీలు ఉన్న ఆకారమైనా సరే, ఇంకెక్కడో పైన ఉన్న నున్నటి ఆకారం తాలూకు నీడేనా? నీడ మాత్రమే మన చేతికిస్తే దాన్నుంచి తీగని తయారు చేయగలమా? ఇదీ అసలు ప్రశ్న.

గీతల విషయంలో ఇది ఇంటర్ పిల్లలు కూడా చేసేదే. మర్నాడు కొట్లో బిల్లు బుక్కు వెనక రాసి చూపించా. ముల్లు ఈక్వేషన్ వై స్క్వేర్ ఈక్వల్ టు ఎక్స్ క్యూబ్. వై ఉన్నచోట టీ ఎక్స్ పెట్టు. టీ అంటే మరేం కాదు, స్లోప్, సున్నా పాయింట్ నుంచి చూస్తే ఎటు దిక్కు అనేది. అప్పుడు టీ స్క్వేర్ ఎక్స్ స్క్వేర్ ఈక్వల్ టు ఎక్స్ క్యూబ్. రెండు పక్కలా ఎక్స్ స్క్వేర్ కొట్టెయ్యి. మిగిలింది టీ స్క్వేర్ ఈక్వల్ టు ఎక్స్. పారాబోలా, ఎక్కడ తడిమినా నునుపే. ఇక నువ్వడిగిన రెండు గీతలు: వై స్క్వేర్ ఈక్వల్ టు ఎక్స్ స్క్వేర్. అదే పని చేస్తే టీ స్క్వేర్ ఈక్వల్ టు వన్, అంటే టీ ప్లస్ వన్ ఒకటి, మైనస్ వన్ ఒకటి. ఒక గీత పైనుంచి పోతోంది, ఇంకోటి కింద నుంచి.

"ఫ్లైఓవర్ వేసినట్టు!" అంది. ఒక్క పాయింట్ స్థానంలో అక్కణ్ణుంచి పోయే దిక్కులన్నింటినీ తెచ్చి పెట్టడం, ఇంతే చేసింది మనం. దీన్ని బ్లోఅప్ అంటారు. ఫొటో స్టూడియోలో బ్లోఅప్ అంటే చిన్న బొమ్మని పెద్దది చేయడం గదా, ఇదీ దాదాపు అదే పని.

గీతలకైతే ఇట్టా చేసుకుంటూ పోతే ఎప్పుడో ఒకప్పుడు తేలిపోతుంది. చిక్కంతా పైకి పోయేకొద్దీ వస్తుంది. ఉపరితలం తీసుకుంటే చెడ్డ చోటు ఒక పాయింటే కానక్కర్లేదు, గీత పొడవునా ఉండొచ్చు, నాలుగైదు గీతలు కలిసి ఉండొచ్చు. ముందు ఏది విప్పాలి? తప్పుదాన్ని ముందు పట్టుకుంటే ఇంకో చోట కొత్త చిక్కు పడుతుంది, దాన్ని విప్పితే పాతది తిరిగొస్తుంది. కనుమ నాడు తుమ్మలపెంట బీచికి పోతే అక్కడొకాయన ఇసకలో కూర్చుని వల చిక్కు తీస్తున్నాడు. మేము చూసినంతసేపూ ఒక్కసారి కూడా గట్టిగా లాగలేదు, ఒక పోగు వదులు చేయడం, ఆగి చూడటం, ఇంకో పోగు వదులు చేయడం. మా పిల్ల సాయం చేస్తానని ఒక కొస పట్టుకుని లాగబోతే, "లాగబాక తల్లీ, బిగుస్తాది" అన్నాడు.

హిరొనాకా దగ్గరికొస్తే, 1931లో యమగుచి అనే ప్రాంతంలో పుట్టాడు, హిరోషిమాకి పక్కనే. ముందు హిరోషిమా యూనివర్సిటీ ఎంట్రన్స్ రాసి తప్పాడు! మర్నాడు మా కొట్లో ఈ ముక్క విని మా అక్క మొహం వెలిగిపోయింది, ర్యాంకుల టెన్షన్ ఆమెకి కూతురికన్నా ఎక్కువ. 1949లో క్యోటోలో సీటొచ్చింది. ఫిజిక్స్ అనుకుని చేరి మ్యాథ్స్‌కి మారాడు. అక్కడ అకిజుకి అనే ప్రొఫెసర్ చుట్టూ కుర్రాళ్ల గుంపు ఒకటుండేది, అందులో పడ్డాడు. 1956లో అమెరికాలోని హార్వర్డ్ నుంచి ఆస్కార్ జారిస్కీ అనే లెక్కల ప్రొఫెసర్ క్యోటోకి వచ్చాడు. ఆ జారిస్కీయే ఉపరితలాలకి 1939లో, మూడు డైమెన్షన్లకి 1944లో ఈ చిక్కు విప్పి ఆ పైన ఆగిపోయిన మనిషి. మన కుర్రాణ్ణి చూసి హార్వర్డ్ రమ్మన్నాడు, 1957లో పోయాడు, 1960లో పీహెచ్‌డీ. మధ్యలో ఒకసారి గ్రోతెండిక్ అనే ఇంకో పెద్ద లెక్కలాయన పిలిస్తే పారిస్‌లో కూడా కొన్నాళ్లు ఉన్నాడు. ఈ ప్రాబ్లెం కొరకాలంటే గట్టి పళ్లుండాలి అని జారిస్కీ ఆయనతో అన్నాడట. మనమైతే ఇనపగుగ్గిళ్లు అంటాం.

కొరికిన విధానమే నాకు మహా ఇష్టం. జారిస్కీ రెండింటికి ఒక యుక్తి, మూడింటికి ఒక యుక్తి వాడాడు, ఆ లెక్కన నాలుగుకి ఇంకోటి వెతకాలి, ఐదుకి ఇంకోటి. హిరొనాకా అట్టా పోలేదు. డైమెన్షన్ ఎంతైనా సరే అని మొత్తానికి ఒకేసారి పెట్టుకున్నాడు, పైగా ఒక్క ఈక్వేషన్ కాకుండా గుంపుగా వచ్చే ఈక్వేషన్లకి కూడా వర్తించేట్టు అడిగినదానికన్నా పెద్ద మాట రుజువు చేయాలనుకున్నాడు. పెద్దది ఎందుకు నెత్తికెత్తుకోవడం అనిపిస్తుంది గదా? కిటుకు ఇండక్షన్‌లో ఉంది, అంటే కింది మెట్టు రుజువు చేసి దాని మీద నిలబడి పై మెట్టు ఎక్కడం. కింద డైమెన్షన్‌లో నీ చేతికొచ్చే మాట ఎంత గట్టిదైతే పై డైమెన్షన్‌లో అంత పని చేసి పెడుతుంది, చిన్న మాట పట్టుకుని ఎక్కితే మధ్యలో మెట్టు చాలదు. అట్టాగే ఆ చోటు ఎంత చెడ్డదో కొలిచే కొలబద్దలు తయారు చేసుకున్నాడు, సరైన చోటు చూసి బ్లోఅప్ చేసుకుంటూ పోతే ఆ కొలత తగ్గుతూ పోయి ఎక్కడో ఒకచోట ఆగక తప్పదని చూపించాడు. తుమ్మలపెంట ఆయనకి చేతుల్లో ఉన్న విద్యని ఈయన కాగితం మీద పెట్టాడని నేననుకుంటా. 1964లో యానల్స్ ఆఫ్ మ్యాథమాటిక్స్ అనే పత్రికలో రెండు భాగాలుగా వచ్చింది, రెండూ కలిపి రెండు వందల పేజీల పైమాటే. నేను చదివానని చెప్పను, తర్వాతి వాళ్లు కుదించి రాసినవే సగం సగం అర్థమయ్యాయి. 1970లో ఫ్రాన్స్‌లోని నీస్‌లో ఫీల్డ్స్ మెడల్ ఇచ్చారు, లెక్కల్లో నోబెల్ లాంటిది. జపాన్‌కి అది రెండోది, మొదటిది 1954లో కొడైరాకి, మూడోది 1990లో మోరికి, ముగ్గురిదీ ఈ జామెట్రీ కుటుంబమే.

అయితే ఒక మెలిక మిగిలిపోయింది. ఆయన రుజువు మనం రోజూ వాడే మామూలు సంఖ్యల లోకంలో చెల్లుతుంది. ఇంకో లోకం ఉంది, గడియారం లెక్క లాంటిది, ఐదు గంటల గడియారం అనుకో, ఐదు ఒకట్లు కలిపితే సున్నాకొచ్చేస్తుంది. అక్కడ ఈ కొలబద్దలు దగా చేస్తాయి, తగ్గాల్సింది ఒక్కోసారి పెరుగుతుంది. ఆ లోకంలో ఉపరితలాల వరకు 1956లోనే తేల్చింది మనవాడు, శ్రీరామ్ అభ్యంకర్, ఉజ్జయినిలో పుట్టి హార్వర్డ్‌లో ఆ జారిస్కీ దగ్గరే చదివి అమెరికాలోని పర్డ్యూలో పాఠాలు చెప్పినాయన. మూడు డైమెన్షన్లలోనూ చాలా దూరం ఆయనే లాక్కొచ్చాడు. నాలుగు, ఆ పైన ఇంకా ఎవరికీ కొరుకుడు పడలేదు. 2017లో, 85 ఏళ్ల వయసులో, హిరొనాకా ఇదిగో అయిపోయిందని ఒక రాతప్రతి పెట్టాడు. పండితులు ఇంకా ఒప్పుకోలేదు. తప్పే కావచ్చు, ఆ వయసులో మా నాయన టీవీ రిమోట్ కూడా పట్టుకోలేదు.

కొరియాలోని సోల్ ఊరి కత ఒకటి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ముసలితనంలో హిరొనాకా సోల్ నేషనల్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పడానికి వెళ్లాడు. మొదట్లో వందమంది దాకా వచ్చి కూర్చున్నారు, కొన్ని వారాలకి ఐదారుగురు మిగిలారు. అందులో ఒకడు జూన్ హ, అప్పటికి వాడికి మ్యాథ్స్ కాదు, సైన్సు విలేకరి అవ్వాలని ఆశ, ఈ పెద్దాయన్ని ఇంటర్వ్యూ చేస్తే బాగుంటుందని వచ్చి కూర్చున్నాడు. పాఠం పూర్తిగా అర్థం కాకపోయినా లేవలేదు. ఇద్దరూ కలిసి భోజనాలకి పోవడం మొదలుపెట్టారు. తర్వాత ఆ కుర్రాడు అమెరికాలో పది పన్నెండు చోట్ల అప్లై చేస్తే ఒక్కచోట సీటొచ్చింది. అక్కడికి పోగానే హిరొనాకా దగ్గర నేర్చుకున్న సింగులారిటీల విద్యతో రంగులేసే గ్రాఫుల (చుక్కలు, వాటిని కలిపే గీతలు) మీద నలభై ఏళ్లుగా తెగని ఊహ ఒకటి తేల్చేశాడు, 2022లో వాడికీ ఫీల్డ్స్ మెడల్. ఆ క్లాసులోంచి లేచిపోయిన మిగతా తొంభైమంది సంగతి కూడా నాకు అప్పుడప్పుడు గుర్తొస్తుంటుంది, నేనూ ఆ జాతే గనక.

పిల్ల ముక్కనుమ మర్నాడు బస్సెక్కింది. తీగ చుట్ట బ్యాగులో పెట్టుకుంది, హాస్టల్లో ఊరుకోరే అని మా అక్క తీసేయబోతే మళ్లీ దాచిపెట్టుకుంది. అప్పడాల కర్ర మీద వైరు గీతలు పడ్డాయని మా ఆవిడ ఇంకా నన్ను సాధిస్తూనే ఉంది.

నిన్న ఆదివారం హాస్టల్ నుంచి ఫోన్. వాళ్లకి వారానికి ఐదు నిమిషాలు, అందులో మూడు మా అక్కతో అయిపోయాయి. నేను ఫోన్ ఎత్తగానే ఎట్టున్నావు మామా అని కూడా లేదు.

"మామా, ఎక్స్ పవర్ ఫైవ్ పెట్టి చూశా. ఒకసారి చేస్తే ముల్లు పోలేదు, ఎక్స్ క్యూబ్ దగ్గర ఆగింది. రెండోసారికి పోయింది. ఎక్స్ పవర్ సెవెన్‌కి మూడు సార్లు. నైన్‌కి నాలుగు. ప్రతిసారీ రెండు తగ్గుతోంది."

"మరి పవర్ సిక్స్ పెడితే?" అన్నా.

అటు వైపు వెనక ఎవరో పిలకాయలు త్వరగా కానీవే అని అరుస్తున్నారు. కాసేపు ఏం మాట్లాడలేదు, పెన్ను గీసుకుంటున్న చప్పుడు.

"రెండు సార్లయ్యాక టీ స్క్వేర్ ఈక్వల్ టు ఎక్స్ స్క్వేర్ దగ్గరికొచ్చింది మామా... ఆగు, ఇవి మళ్లీ ఆ రెండు గీతలే," అంటుండగానే ఫోన్ కట్టయింది.