హైదరాబాద్‌లో పాత కర్ణాటక సంగీతం రికార్డులు వెతికి కొన్న నా అనుభవం

పాత రికార్డులు మన ఊళ్ళో దొరకవని చాలామంది అంటారు. దొరుకుతాయి. శాస్త్రీయ సంగీతం దగ్గరికొచ్చేసరికే కష్టం. ఏ కట్ట చూసినా పైన హిందీ సినిమా పాటలు, గజళ్ళు, ఖవ్వాలీలు, వాటి కింద ఘంటసాల గారు. బాలమురళీకృష్ణ గారి కృతులో, చిట్టిబాబు గారి వీణో కావాలంటే అడుగుదాకా తిరగెయ్యాలి. వచ్చినవాళ్ళంతా సినిమా పాటలే అడుగుతారు కాబట్టి అమ్మేవాళ్ళు కూడా అవే పైన పెడతారు.

నేను మొదట వెళ్ళింది ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌కి. అక్కడ పుస్తకాలదే రాజ్యం, రికార్డులు ఎప్పుడో తప్ప కనిపించవు. ఎర్రగడ్డ సండే మార్కెట్‌లోనూ అంతే. నాకు కలిసొచ్చింది పురానాపూల్ దగ్గర గురువారాలు జరిగే జుమేరాత్ బజార్. పాత ఇళ్ళు ఖాళీ చేసినప్పుడు బయటపడే గడియారాలు, రేడియోలు, ఇత్తడి సామాను అక్కడికి చేరతాయి, వాటితోపాటే రికార్డులూ. పొద్దున్నే వెళ్ళాలి. ఎండెక్కాక వెళ్తే మంచివి పోతాయన్నది ఒక బాధ, నేల మీద పరిచిన ఎల్పీలు (ఎక్కువసేపు మోగే పెద్ద ప్లాస్టిక్ రికార్డులు) వేడికి వంకరపోతాయన్నది ఇంకో బాధ.

అక్కడ ఒక పెద్దాయన దగ్గర నాకు చిన్న పరిచయం ఏర్పడింది. "భాయ్, వీణ, వయొలిన్, నాదస్వరం బొమ్మ ఉన్నవి ఏవొచ్చినా నాకోసం పక్కన పెట్టండి" అని చెప్పి ఫోన్ నంబర్ ఇచ్చాను. కళాకారుల పేర్లు చెబితే ఆయనకు గుర్తుండేవి కావు, అట్ట మీద బొమ్మ చెబితే గుర్తుండేది. ఆ తర్వాత నేను కొన్నవాటిలో చాలావరకు ఆయన ఫోన్ చేసి పిలిస్తే వెళ్ళి తెచ్చుకున్నవే.

కొనేటప్పుడు అట్ట చూసి మురిసిపోవద్దు. ముందు రికార్డు బయటికి తీసి, అట్ట మీది నంబరూ లోపల లేబుల్ మీది నంబరూ ఒకటేనో కాదో చూడండి. వీణ అట్టలో సినిమా పాటలుండటం ఈ బజార్లలో మామూలే. హెచ్ఎంవీ కంపెనీ రికార్డుల్లో నంబరు ముందు ఈసీఎల్‌పీ అని ఉంటే మోనో (రెండు స్పీకర్లలోనూ ఒకటే ధ్వని), ఈసీఎస్‌డీ అని ఉంటే స్టీరియో (కుడి, ఎడమలకు వేరువేరు ధ్వని). తర్వాత రికార్డును అంచులు పట్టుకుని వెలుతురుకి ఏటవాలుగా తిప్పండి. వెంట్రుకలాంటి సన్నగీతలకు భయపడక్కర్లేదు. గోరుకి తగిలే గీత అయితే ప్లేయర్ ముల్లు అక్కడ ఎగరొచ్చు. నల్లగా మెరవాల్సిన గాళ్ళు (ముల్లు నడిచే సన్నటి చాళ్ళు) బూడిదరంగులో కనిపిస్తే మాత్రం వదిలేయండి. బరువైన పాత ముల్లు ఏళ్ళ తరబడి చెక్కేసిన రికార్డది, ఎంత కడిగినా గరగర పోదు. నడిమి చిల్లు చుట్టూ లేబుల్ మీద సన్నటి గీతలు ఎక్కువుంటే అది బాగా తిరిగిన రికార్డని అర్థం.

ఈ లెక్కన చూస్తే 1963లో వచ్చిన ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి వేంకటేశ్వర సుప్రభాతం తేలిగ్గానే దొరుకుతుంది కానీ శుభ్రమైనది దొరకడం కష్టం. రోజూ తెల్లవారుజామున మోగింది కదా! అదే ఇంట్లోంచి వచ్చిన వయొలిన్ ఎల్పీ కొత్తదానిలా ఉంటుంది.

నాకు దొరికిన అసలైన నిధి మాత్రం బజార్లో దొరకలేదు. తెలిసినవాళ్ళందరికీ చెప్పి ఉంచితే, నల్లకుంటలో ఒకావిడ ఇల్లు అపార్ట్‌మెంటుకి ఇస్తూ సామాన్లు తీసేస్తున్నారని కబురొచ్చింది. చెక్క బీరువాలో ఎల్పీలు నిలువుగా, ప్రతిదీ ప్లాస్టిక్ కవర్లో! "మా వారు వీటిని ఎవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదమ్మా. పాత సామాన్లవాడికి వెయ్యడానికి నాకు మనసొప్పలేదు" అన్నారావిడ. ధర చెప్పమంటే చెప్పలేదు. బజారు రేటుకి తక్కువ కాకుండా నేనే లెక్కగట్టి ఇచ్చాను. తెలియనివాళ్ళ దగ్గర చవగ్గా కొట్టేయడం నాకు నచ్చదు. పాత కాలనీల్లో ఇలాంటి బీరువాలు ఇంకా ఉన్నాయి. చిక్కడపల్లి, బర్కత్‌పురా వైపు చుట్టాలుంటే ఒక మాట వేసి ఉంచండి.

ఆన్‌లైన్లో కొంటే ట్యూబ్‌లైట్ కింద తీసిన ఫోటో, మోగుతుండగా తీసిన వీడియో అడగండి. పంపేటప్పుడు రికార్డును అట్టలోంచి తీసి విడిగా పెట్టమనండి, లేకపోతే దారిలో కుదుపులకు అట్ట అంచు చీలుతుంది.

ఇంటికి తెచ్చాక డిస్టిల్డ్ వాటర్‌లో రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో గాళ్ళ వెంటే తుడవాలి, అడ్డంగా కాదు. లేబుల్ తడవకూడదు. మళ్ళీ ఒట్టి డిస్టిల్డ్ వాటర్‌తో తుడిచి, నిలబెట్టి ఆరబెట్టాలి. పాత 78 స్పీడు ప్లేట్లు (నిమిషానికి 78 చుట్లు తిరిగేవి) లక్కతో చేసినవి కాబట్టి వాటికి స్పిరిట్ తగలనివ్వద్దు, పాడైపోతాయి. వాటి గాళ్ళు వెడల్పు, ఎల్పీ ముల్లుతో పెట్టకూడదు, వేరే ముల్లు కావాలి. నేను ఆ ముల్లు ఈమధ్యే తెప్పించుకున్నాను. ఎల్పీలో ఒక పక్కన ఇరవై నిమిషాలకు పైగా పాడొచ్చు. 78 ప్లేటులో ఉన్నది మూడు నిమిషాల చిల్లరే. అంతలోనే రాగం, కృతి చూపించేవాళ్ళు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ అలా వినాలని నా కోరిక. జుమేరాత్ బజార్ పెద్దాయనకు ఇప్పుడు వయొలిన్ బొమ్మతో పని లేదు, ఆ ప్లేట్లకు బొమ్మల అట్టలుండవు. అందుకే లేబుల్ మీద ఆ పేరు తెలుగులో, ఇంగ్లిష్‌లో ఎలా ఉంటుందో కాగితం మీద రాసిచ్చి వచ్చాను.