రైఫిల్ కేస్‌లో ఫోమ్ నేనే కోసుకున్నాను

నిన్న రాత్రి కేస్ మూత వేసి, క్లిప్పులన్నీ బిగించి, నిలువుగా ఎత్తి, తలకిందులు చేసి ఊపి చూశాను. లోపల ఏ చప్పుడూ లేదు. మూడు వారాలుగా నేను తంటాలు పడింది దానికోసమే. వేళ్లకంటిన జిగురు ఇంకా పూర్తిగా వదల్లేదు. మర్చిపోకముందే రాసేస్తున్నాను.

నాది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్. నిబంధనల ప్రకారం 5.5 కిలోల వరకు బరువు ఉండొచ్చు, నాది అంతకంటే కాస్త తక్కువే. కానీ కేస్‌లో అసలు కాపాడుకోవాల్సింది సర్దుబాట్లను. బుగ్గ ఆన్చే చీక్‌పీస్ ఎత్తు, భుజానికి ఆనే బట్ ప్లేట్ వాలు, గురి చూసే వెనక సైట్ అయిన డయాప్టర్‌లో తిప్పి పెట్టుకున్న క్లిక్కులు, ఇవన్నీ నెలల తరబడి మిల్లీమీటరు చొప్పున జరిపి కుదుర్చుకున్నవి. దారిలో ఒక్కటి కదిలితే మొదటి పది షాట్లూ దానికే బలి.

కేస్‌తో వచ్చిన ఫోమ్ గళ్లుగళ్లుగా ముందే చీరి ఉంటుంది. కావలసిన చోట గళ్లు పీకేస్తే గూడు తయారు. చిన్న వస్తువులకు అది చాలు, పొడవాటి రైఫిల్‌కి చాలదు. గూటి అంచున మిగిలిన గళ్లు పక్కవాటికి ఏదో కొంచెం అతుక్కుని నిలబడతాయి, అంతే. రైఫిల్ తీసిపెట్టిన ప్రతిసారీ ఒకటో రెండో ఊడిపోతూ వచ్చాయి. ఒకరోజు మూత తీసేసరికి డయాప్టర్ తన గూట్లోంచి జారి బ్యారెల్‌ని ఆనుకుని ఉంది. ఆ రోజే షీట్ ఫోమ్ కొనాలని తీర్మానించుకున్నాను.

కొనే దగ్గర మోసపోయాను. నీళ్లు పీల్చని ఫోమ్ కావాలని స్పష్టంగా అడిగితే, అమ్మినాయన "ఇది అదేనండీ, కేసులన్నిటికీ ఇదే వేస్తారు" అంటూ బూడిదరంగు మెత్తటి షీట్ చేతిలో పెట్టాడు. ఇంటికి తెచ్చి చిన్న ముక్క కోసి నీళ్లలో ముంచి పిండితే ధారగా కారింది. అది పాలీయురెథేన్, లోపలి గదులన్నీ తెరుచుకుని ఉండే స్పాంజి రకం. తేమ పట్టి ఉంచి ఇనుముకి తుప్పు తెస్తుంది. కొన్నేళ్లయ్యాక అదే చివికి, జిగట తేలి, పొడిపొడిగా రాలుతుంది. మనకు కావలసింది మూసిన గదులుండే పాలీఇథిలీన్. బొటనవేలితో నొక్కితే ఎదురు తంతుంది, నీళ్లలో ముంచి తీసి పిండితే లోపలినుంచి చుక్క రాదు. కొనేముందు చిన్న ముక్క అడిగి ఈ పరీక్ష చేయండి. ముక్క ఇవ్వనన్న చోట కొనకండి. నా షీట్‌ని ఆయన వెనక్కి తీసుకోలేదు. "కోసిన సరుకు" అన్నాడు. నేను కోసింది అగ్గిపెట్టెంత.

గూడు కోయాలంటే ముందు రైఫిల్‌ని చార్ట్ పేపర్ మీద పడుకోబెట్టి చుట్టూ గీత గీసుకోవాలి. అంతకుముందు ఒక మాట చెప్పాలి. గీత గీయడానికైనా సరే, రైఫిల్ ఖాళీగా ఉండాలి, లోపల గుండు లేదని బయటికి కనిపించేలా బ్యారెల్‌లో దూర్చే సేఫ్టీ ఫ్లాగ్ పెట్టి ఉండాలి. కేస్‌లోనూ ఫ్లాగ్‌తోనే పెడతాం కాబట్టి కొలతా సరిగ్గా వస్తుంది. "ఇంట్లోనే కదా, గుండు లేదు కదా" అనేవాళ్లను నేను చూశాను. వాళ్ల పక్క లేన్‌లో నిలబడటం నాకు ఇష్టం ఉండదు.

గీయడం ఒక సాయంత్రం పని. పెన్సిల్ నిటారుగా పట్టుకోవాలి, వాలితే గీత జరిగిపోతుంది. నిటారుగా పట్టుకున్నా గీత వస్తువుకంటే పెన్సిల్ మందంలో సగం బయటికే పడుతుంది. పైగా గూడు వస్తువుకంటే రెండు మిల్లీమీటర్లు బిగువుగా ఉండాలి. రెండూ కలిపి గీతకు ఐదారు మిల్లీమీటర్లు లోపలగా కోయాలి. గూటికీ గూటికీ మధ్య, గూటికీ కేస్ అంచుకీ మధ్య 25 మి.మీ. గోడ వదిలాను. చార్ట్ మీద "పైవైపు" అని పెద్దక్షరాలతో రాసుకోండి. తిరగేసి పరిస్తే గూడు అద్దంలో బొమ్మలా వస్తుంది.

ఇక కోత. 50 మి.మీ. మందం షీట్ ఒక్కటే తెచ్చాను. కట్టర్ బ్లేడు పూర్తిగా బయటికి లాగి, బలంగా దింపి, గీత వెంట లాక్కుపోయాను. వీడియోల్లో అలాగే చేస్తారు, వెన్న కోసినట్టు తెగుతుంది. నాకూ తెగింది. పైనుంచి చూస్తే రైఫిల్ ఆకారం ముచ్చటగా వచ్చింది. రైఫిల్ పెట్టాను. ముక్కాలు వంతు దిగి ఆగింది. బిగువుగా ఉండటం మంచిదే కదా అనుకున్నాను. మూత వేసి, మోకాలు ఆన్చి, క్లిప్పులు బిగించాను. ఆ మోకాలు ఆన్చినప్పుడే నాకు తెలియాల్సింది.

ఆ వారాంతంలోనే మ్యాచ్. మ్యాచ్‌కి ముందు సామాను తనిఖీ చేసే ఎక్విప్‌మెంట్ కంట్రోల్ దగ్గర బల్లమీద కేస్ పెట్టి క్లిప్పులు తీయగానే మూత దానంతటదే లేచింది, దాంతోపాటు రైఫిల్ వెనక భాగం కూడా పైకి తన్నుకొచ్చింది. నా వెనక లైన్‌లో పదిమంది ఉన్నారు. బయటికి తీద్దామంటే ముందు భాగం గూట్లో ఇరుక్కుపోయింది. అధికారి గడియారం చూసుకుంటున్నారు. కోచ్ వచ్చి ఒక చేత్తో ఫోమ్ అదిమిపట్టి, రెండో చేత్తో రైఫిల్ నెమ్మదిగా ఊడదీశారు. తీసి, గూట్లోకి వేలుపెట్టి గోడ తడిమారు.

"ఎవరమ్మా కోసింది దీన్ని?"

"నేనే సార్."

ఇంకేం అనలేదు. చీక్‌పీస్ వైపు చూపించి వెళ్లిపోయారు. ఏడో గీత దగ్గర ఉండాల్సింది ఐదో గీత దగ్గర ఉంది. మూత నొక్కిన నొక్కుడికి రెండు గీతలు దిగిపోయింది. ప్రిపరేషన్ టైమంతా దాన్ని ఎక్కించుకోవడానికే సరిపోయింది. నా స్కోరు ఇక్కడ రాయను. కానీ ఆ బల్ల దగ్గర చెవులు వేడెక్కి నిలబడ్డ ఆ రెండు నిమిషాలు నాకిప్పటికీ కళ్లముందే ఉన్నాయి.

ఇంటికొచ్చి గూడుని అడ్డంగా కోసి చూశాను. గోడ నిటారుగా లేదు. పైన గీత మీదే ఉంది, కిందికి పోయేకొద్దీ లోపలికి వాలింది. అడుగున గూడు వేలెడు ఇరుకైంది. కారణం అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది. ఫోమ్ చెక్క కాదు. బ్లేడుతో నొక్కితే తెగేముందు అణుగుతుంది, అణిగి పక్కకు జరుగుతుంది. జరిగిన చోట తెగుతుంది. చెయ్యి తీశాక మళ్లీ తన చోటికి వస్తుంది, కోత మాత్రం వంకరగా మిగిలిపోతుంది. నేను ఎంత బలం పెడితే అంత వంకర. తప్పు గీతలో లేదు, నా బలంలో ఉంది. ఈ ఒక్క ముక్క ఏ వీడియోలోనూ ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే నాకో షీటూ ఒక మ్యాచూ మిగిలేవి.

రెండోసారి 25 మి.మీ. షీట్లు రెండు తెచ్చాను. లోతు తగ్గితే ఫోమ్ అణిగి పక్కకు జరిగేదీ తగ్గుతుంది. ఒక్కో పొరను విడిగా, అడుగుదాకా తెగేలా కోశాను. మొదటి వరస అసలు నొక్కకుండా, చర్మం మీద గీత పడ్డట్టు. తర్వాత బ్లేడు పొడుగునా వాడుతూ, రంపంలా ముందుకీ వెనక్కీ, నాలుగైదు వరసల్లో. చప్పుడు వినండి. సర్రుమంటే బ్లేడు కోస్తోంది. కీచుమని లాగినట్టనిపిస్తే మొండిదైంది, మొన విరిచేయండి. ఫోమ్ మెత్తనిది కదా బ్లేడు ఏం అరుగుతుందిలే అనుకుంటాం, చాలా త్వరగా అరుగుతుంది. రైఫిల్ గూడు ఒక్కదానికే నేను ఏడు మొనలు విరిచాను. తిన్నటి చోట్ల చెక్కబద్దని గీత పక్కన పెట్టి బ్లేడుని దాని గోడకు ఆన్చి నడిపాను.

వేడి తీగతో కోసే పద్ధతి కూడా ఉంది. పాలీఇథిలీన్ మీద నున్నగా తెగుతుంది, గాలి ఆడే చోటే చేయాలి. మిగిలిపోయిన ఆ స్పాంజి షీట్ మీద ముందు చెయ్యి తిప్పుకుందామనుకున్నాను. అదృష్టం బాగుండి అడిగాను. పాలీయురెథేన్ కాలితే వచ్చే పొగలో హైడ్రోజన్ సయనైడ్ ఉంటుంది. దాని దగ్గరికి వేడి తీగ పోనివ్వకండి.

మిగతాదంతా సులువే. రెండు పొరలూ, అడుగున కోయని 12 మి.మీ. పొర ఒకటి, రెండువైపులా జిగురు రాసి, తడి ఆరి వేలికి కొంచెం అంటేదాకా ఆగి అతికించాను. వాసన పోయేదాకా మూత వేయలేదు. రైఫిల్ బరువు సమంగా తూగే చోట రెండువైపులా వేళ్లు పట్టేలా అర్ధచంద్రాకారంగా కోశాను, ఇంకెప్పుడూ ఎవరి ముందూ ఊడదీసుకోవాల్సిన పని లేకుండా. డయాప్టర్ గూట్లో మరలు తిప్పే బిళ్లల చుట్టూ ఖాళీ వదిలాను, ఫోమ్ ఒరుసుకుంటే క్లిక్కులు తిరుగుతాయి. రైఫిల్‌కి గాలి అందించే ఎయిర్ సిలిండర్‌ని తయారీ తేదీ పైకి కనిపించేలా పెట్టాను. దాని ఆయుష్షు పదేళ్లే, అడిగినప్పుడు వెంటనే చూపించొచ్చు. విమానంలో అయితే సిలిండర్ ఖాళీ చేయమంటారేమో టికెట్ తీసుకునేటప్పుడే అడగండి, కౌంటర్ దగ్గర కాదు.

ఈ పొద్దున రేంజ్‌లో కేస్ తెరిచాను. మూత లేవలేదు. రైఫిల్ రెండు వేళ్లకు తేలిగ్గా వచ్చింది. చీక్‌పీస్ ఏడో గీత మీదే ఉంది. కోచ్ దగ్గరికొచ్చి, ఆ రోజులాగే గూట్లో వేలుపెట్టి పైనుంచి కిందిదాకా గోడ తడిమారు.

"షీట్ ఇంకేమైనా మిగిలిందా అమ్మా? నా పిస్టల్ కేస్ ఒకటి ఉంది."