ఒక్కో పత్తి గింజకు సూది పెడతారా?

మాది చంద్రపూర్ జిల్లా, రాజురా వైపు. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ, చేలో పత్తి. జూనియర్ కాలేజీలో జీవశాస్త్రం చెబుతాను కాబట్టి బీటీ విత్తనాల (బీటీ అనే బ్యాక్టీరియా నుంచి తీసిన, పురుగును చంపే జన్యువు ఉన్నవి) సంగతి అందరూ నన్నే అడుగుతారు. మొన్న పక్కచేను మామ రంగు పూసిన గింజలు అరచేతిలో పోసుకొని, "ఒక్కో గింజకు సూది పెడ్తరా బిడ్డా?" అన్నాడు.

ఈ గింజకు ఎవరూ ఏమీ ఎక్కించలేదు. ఎక్కించింది దీని ముత్తాతకు, అమెరికాలో.

కోకర్ 312 అని అక్కడి రకం. దాని లేత మొలక కాండాన్ని ముక్కలు కోసి అగ్రోబ్యాక్టీరియంతో కలిపారు. మట్టిలో ఉండే ఈ బ్యాక్టీరియా గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. మొక్కకు గాయమైన చోట కొన్ని రసాయనాలు ఊరుతాయి. వాటిని పసిగట్టి, తనలోని టీఐ ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ ఉంగరంలోంచి ఒక ముక్కను మొక్క కణంలోకి పంపుతుంది. అది వెళ్లి మొక్క క్రోమోజోములో కలిసిపోతుంది. అక్కడ కణితి లేస్తుంది, బ్యాక్టీరియాకు తిండి దొరుకుతుంది. డీఎన్ఏ నిజంగానే దాటుతోందని 1977లో మేరీ-డెల్ చిల్టన్, ఆమె సహచరులు చూపించారు. ఇక కణితి లేపే జన్యువులు తీసేసి మనకు కావలసింది పెట్టడమే. 1983కల్లా పొగాకులో అది సాధ్యమైంది.

పత్తిలో అలా పెట్టింది క్రై1ఏసీ అనే బీటీ జన్యువు; పురుగును చంపే ప్రొటీన్ తయారయ్యేది దానితోనే. ఏ కణానికి అందిందో కంటికి కనబడదు. అందుకే దాని వెంట కానమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను తట్టుకునే జన్యువునూ పెట్టి, ఆ మందు కలిపిన జెల్లీ మీద పెంచుతారు. జన్యువు అందినవే తట్టుకొని బతుకుతాయి. వాటి నుంచి పూర్తి మొక్కను లేపడానికి నెలలు పడుతుంది, చాలా పత్తి రకాలు అలా లేవనే లేవవు. కోకర్ లేస్తుంది, అందుకే దాన్ని పట్టుకున్నారు.

రెండో జన్యువు క్రై2ఏబీ వచ్చిన దారి వేరు: జీన్ గన్. అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో జాన్ శాన్‌ఫర్డ్ వాళ్లు 1980లలో ఉల్లిపొర మీద టంగ్‌స్టన్ రేణువులు పేల్చి చూసిన పద్ధతి. సన్నటి లోహపు రేణువులకు డీఎన్ఏ పూసి, అప్పటికే బీటీ అయిన పత్తి పెరిగే మొనల్లోకి కొట్టారు. మన దేశంలో మొదటి రకానికి 2002లో, రెండు జన్యువుల దానికి 2006లో అనుమతి వచ్చింది. మన హైబ్రిడ్ల తల్లిదండ్రుల్లోకి ఆ జన్యువులు మామూలు పుప్పొడితోనే, తరం వెంట తరం సంకరం చేస్తూ వచ్చాయి.

మామ అంతా విని, "మరి గులాబీ పురుగు ఎందుకు సస్తలేదు?" అన్నాడు. అడగాల్సిన మాటే. జన్యువు ఏ దారిన వచ్చిందన్నది దానికి కారణం కాదు. ఆ రెండు జన్యువులతో తయారయ్యే ప్రొటీన్లను రెండింటినీ పురుగు తట్టుకోవడం నేర్చింది. ఆ సంగతి కాయలు కోసి, ఫొటోలతో ఇంకో పోస్టులో రాస్తాను.