మూడు వందల డాలర్లు

ఇవాళ మధ్యాహ్నమంతా సైరస్ ప్రింగిల్ డైరీ చదువుతూ కూర్చున్నాను. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రానికి చెందిన క్వేకర్ యువకుడు; క్వేకర్లంటే హింసను ఒప్పుకోని ఒక క్రైస్తవ శాఖవాళ్లు. అమెరికా అంతర్యుద్ధం జోరుగా సాగుతున్న 1863 జులైలో ఉత్తరాది సైన్యంలో చేరమని అతనికి పిలుపొచ్చింది. అతని మతానికి బానిసత్వం సహించరానిది. ఫిలడెల్ఫియా క్వేకర్లు 1776లోనే తమ సభ్యులెవరూ బానిసలను ఉంచుకోకూడదని కట్టడి చేశారు. యుద్ధం కూడా వాళ్లకు అంతే నిషిద్ధం.

ఆ మార్చిలో వచ్చిన చట్టం ప్రకారం తప్పుకోవాలంటే బదులు మనిషిని పంపాలి, లేదా 300 డాలర్లు కట్టాలి. దగ్గరి బంధువు ఒకాయన కడతానన్నా ప్రింగిల్ వద్దన్నాడు. మొండితనం అనిపిస్తుంది గానీ, ఆ డబ్బు బదులు మనిషిని తేవడానికేనని చట్టంలోనే రాసుంది. తను పట్టనన్న తుపాకీని డబ్బిచ్చి ఇంకొకరి చేతిలో పెట్టడమే కదా! తుపాకీకి బదులు సైనిక ఆసుపత్రిలో పని చేయడంలోనూ ఇదే చిక్కు: అతను అక్కడ చేరితే, ఆ పని చేస్తున్న సైనికుడు యుద్ధానికి ఖాళీ అవుతాడు.

అయినా అతన్ని సైన్యంతోపాటు తీసుకెళ్లారు. వర్జీనియాలోని కల్పెపర్ శిబిరంలో, అక్టోబరు 3న, తుపాకీ శుభ్రం చేయమన్నారు. చేయనన్నాడు. ఇద్దరు సార్జెంట్లు అతన్ని పక్కకు తీసుకెళ్లి వెల్లకిలా పడుకోబెట్టారు. కాళ్లూ చేతులూ బార్లా చాపించి, మణికట్లకూ చీలమండలకూ తాళ్లు కట్టి, నాలుగు మేకులకు బిగించారు. కింద ముందురోజు వానకు తడిసిన నేల, పైన ఎండ. ఒరుసుకుంటున్న తాళ్ల గురించి రాస్తూనే, మనసు ప్రశాంతంగా ఉందనీ రాసుకున్నాడు. ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

చివరికి వ్యవసాయ శాఖ కమిషనర్ ఐజాక్ న్యూటన్, ఆయనా క్వేకరే, విషయాన్ని అధ్యక్షుడు లింకన్ దాకా తీసుకెళ్లాడు. నవంబరులో ప్రింగిల్‌నూ అతని తోటివాళ్లనూ ఇళ్లకు పంపారు.

అయితే బానిసల సంకెళ్లు తెంచుతున్నది ఆ సైన్యమే. 1864 సెప్టెంబరులో ఎలిజా గర్నీ అనే క్వేకర్ మహిళకు రాసిన ఉత్తరంలో లింకన్ ఈ చిక్కునే ఎత్తి చూపాడు: యుద్ధాన్నీ అణచివేతనూ రెండింటినీ వ్యతిరేకించే మీరు, ఇప్పుడు యుద్ధంతో తప్ప అణచివేతను ఎదిరించలేని స్థితిలో ఉన్నారని. క్వేకర్ కుర్రాళ్లు కొందరు తుపాకీ పట్టారు. వాళ్లు మతం తప్పారని నేననలేను.

1864 ఫిబ్రవరిలో చేసిన సవరణ నాకు మెరుగ్గా తోచింది. మతం వల్ల ఆయుధం పట్టనివాళ్లకు ఆసుపత్రి పనో, విముక్తులైన నల్లవారి బాగోగులు చూసే పనో ఇవ్వవచ్చు. లేదా 300 డాలర్లు కట్టవచ్చు, ఆ సొమ్ము జబ్బుపడిన, గాయపడిన సైనికులకే ఖర్చవుతుంది. సైన్యానికి బదులుగా అడిగే పని ఏదైనా సైన్యపు పనేనని ప్రింగిల్ లాంటివాళ్లు అనవచ్చు. అయినా, విముక్తులను చూసుకునే పనిలో బానిసత్వ వ్యతిరేకతకూ అహింసకూ రెండింటికీ చోటుంది.

దక్షిణాది సంగతి రేపు చదవాలి. 1862 అక్టోబరు చట్టం ప్రకారం అక్కడి క్వేకర్లు 500 డాలర్లు కట్టి మినహాయింపు పొందవచ్చు. ఆ డబ్బు చేరేది బానిసత్వాన్ని నిలబెట్టడానికి పోరాడుతున్న ప్రభుత్వానికి.