ఓడవాళ్ల కాగితం మీద లేని పేరు

"సరుకు నాది, ఓడవాళ్ల కాగితం మీద నా పేరే లేదంటున్నారు. గుంటూరు పిల్లవని నమ్మానమ్మా, చివరికి నువ్వూ దళారివేనా?"

పోయిన నెల దుబాయిలోని మా కార్యాలయానికి ఫోను చేసి, ఒక పెద్దాయన అన్న మాట ఇది. ఆయన చెన్నై రేవు మీదుగా నలభై అడుగుల కంటైనరు నిండా తేజ మిర్చి పంపించారు. దుబాయిలోని జెబెల్ అలీ రేవులో కంటైనరు దిగి వారం కావస్తున్నా, అది కొన్నవారి చేతికి అందలేదు. సంగతి కనుక్కుందామని ఆయన నేరుగా ఓడ కంపెనీకి ఫోను చేస్తే, బీఎల్ (బిల్ ఆఫ్ లేడింగ్, అంటే సరుకు రవాణా పత్రం) మీద మీ పేరు లేదు కనుక మీతో మాట్లాడలేమని చెప్పారట.

దళారి అన్న మాట మా ఇంట్లో తిట్టు. మా నాన్న మిర్చి రైతు. యార్డులో కాటా అయ్యేదాకా రెండు రాత్రులు మిర్చి బస్తాల, అంటే టిక్కీల మీదే పడుకునేవాడు. తన పంటకు ధర వేరెవరో చెబితే విని, కమీషనూ పాత బాకీ వడ్డీ పోగా మిగిలింది ఒక చీటీతో పాటు తెచ్చుకునేవాడు. ఆ మనిషి కూతురిని ఆ మాట అన్నందుకు, ఆ రోజు అన్నం కూడా సయించలేదు.

నేను చేసేది ఫార్వర్డరు దగ్గర కాగితాల పని. ఓడలో చోటు బుక్ చేయడం, లారీని కుదర్చడం, పత్రాలు సిద్ధం చేయడం ఫార్వర్డరు బాధ్యతలు. కస్టమ్స్ ముందు షిప్పింగ్ బిల్లు, అంటే ఎగుమతి ప్రకటన, వేసేది సీహెచ్‌ఏ (కస్టమ్స్ హౌస్ ఏజెంటు). 2013 నిబంధనలలో ఆ పేరు కస్టమ్స్ బ్రోకరుగా మారినా, రేవులో ఇప్పటికీ అందరి నోటా సీహెచ్‌ఏ అనే వస్తుంది. సొంత ఓడ లేకపోయినా, ఓడ కంపెనీ, అంటే లైను, దగ్గర చోటు కొని, తానే రవాణాదారుగా నిలబడి సొంత బీఎల్ ఇచ్చేవారు ఎన్‌వీఓసీసీలు. ఇక్కడి రేవులో సరుకు దిగాక దాన్ని అప్పగించమనే డెలివరీ ఆర్డరు ఇచ్చేది లైను తరఫు ఏజెంటు, దానితో కస్టమ్స్ పని పూర్తి చేసేది కొన్నవారి క్లియరింగ్ ఏజెంటు. ఇంతమంది ఎందుకని ఆయన అడిగితే తప్పుపట్టను.

ఆ సాయంత్రం ఆ సరుకు బీఎల్‌లను బల్ల మీద పక్కపక్కన పరిచాను. చెన్నైలోని ఎన్‌వీఓసీసీ కంపెనీ ఇచ్చిన హౌస్ బీఎల్‌లో పంపినవారి గడిలో ఆయన పేరు, అందుకునేవారి గడిలో సరుకు కొన్న దుబాయి దేరా వ్యాపారి పేరు ఉన్నాయి. లైను ఇచ్చిన మాస్టర్ బీఎల్‌లో మాత్రం పంపినది ఆ చెన్నై కంపెనీ, అందుకునేది ఇక్కడ దాని ప్రతినిధిగా మేము. రెండింటిలోనూ కంటైనరు నంబరు ఒకటే, సీలు నంబరు ఒకటే. లైనుకు ఒప్పందం ఆ కంపెనీతోనే కనుక, ఆ ఓడవాళ్ల లెక్కలో గుంటూరు పెద్దాయన లేనట్టే. ఆయన పేరు ఎవరో కొట్టేయలేదు, ఆ కాగితం మొదటినుంచీ ఆయనది కాదు. అయితే హౌస్ బీఎల్ ఇచ్చినవారు ఏజెంటుగా కాక క్యారియరుగా సంతకం చేశారు, కనుక మిర్చి తడిసినా, టిక్కీలు తగ్గినా, ఆయనకు జవాబు చెప్పవలసింది వారే. ఈ ఒక్క మాట ఆయనకు ముందే ఎవరైనా విడమరచి చెప్పి ఉంటే, అంత కోపం వచ్చేది కాదు.

నా తరఫున వాదిస్తూనే ఒకటి ఒప్పుకోవాలి. ఆయన సరుకు విషయంలో ఒక చేయి ఎక్కువే పడింది. ఆయన మాట్లాడుకున్న ఫార్వర్డరు, తనకు లైనుతో ఒప్పందం లేక, బుకింగును చెన్నై కంపెనీకి అప్పగించాడు. ఆ కంపెనీ లైనుకు కట్టవలసిన కిరాయి కట్టలేదు, లైను విడుదల ఆపేసింది. ఉచిత గడువు దాటి డెమరేజ్, అంటే ఆలస్యపు రుసుము, మొదలైంది. మిగతా ప్రతి మనిషీ ఒక పని చేశాడు, ఒక జవాబుదారీ మోశాడు. ఆ ఫార్వర్డరు అనే నడిమి చేయి మాత్రం తన లాభం కలుపుకొని పక్కకు తప్పుకుంది. దళారి అన్న మాట అక్కడికి సరిగ్గా అతుకుతుంది.

ఇక్కడ నాకు నచ్చినది, తప్పు ఎవరిదో కాగితం చూసి వేలు పెట్టి చూపించగలగడం. నాన్న చీటీలో అది ఉండేది కాదు. కానీ మా కమీషన్ ఏజెంటుకు నాన్న పేరూ, నా చదువూ తెలుసు. అమ్మకు జబ్బు చేసినప్పుడు అర్ధరాత్రి తలుపు తట్టితే డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు, వడ్డీకే అయినా. ఇన్నేళ్లుగా నేను విడుదల చేయించిన సరుకుల యజమానులలో నా ముఖం చూసినవారు పదిమంది ఉండరు.

నాలుగో రోజు కిరాయి చేరింది, డెలివరీ ఆర్డరు వచ్చింది. పెద్దాయనకు రెండు కాగితాల ఫొటోలు పంపి, గడి గడినీ ఫోనులో వివరించాను. ఆయన అంతా విని, "మరి నువ్వెక్కడున్నావమ్మా ఇందులో?" అన్నారు. హౌస్ బీఎల్‌లో సరుకు విడుదలకు ఎవరిని కలవాలో రాసే చిన్న గడి ఒకటి ఉంటుంది, అందులో మా కార్యాలయం పేరు చూపించాను. ఆయన దాన్ని ఒకసారి పైకి చదువుకుని, వచ్చే సరుకు బుకింగు అడిగారు.